బెజవాడలో ఉంటూ టీవీ సీరియల్‌లో చిన్న వేషం: ఆడిషన్ నుంచి ప్యాకప్ దాకా

సీరియల్‌లో పెళ్లి జరుగుతుంటే మండపం ముందు కుర్చీల్లో కూర్చునేవాళ్లు, ఆసుపత్రి వరండాలో ఫైలు పట్టుకుని నడిచే నర్సు, "పేషెంట్ తాలూకు ఎవరండీ?" అని ఒక్క మాట అడిగి వెళ్లిపోయే కాంపౌండరు. ఈ వేషాల గురించే ఇక్కడ రాస్తున్నాను. మాది గుంటూరు. పరిషత్తు నాటకాలు, అంటే పోటీ నాటకాలు ఆడుతూ టీవీకి వచ్చాను. ఇప్పుడు లాయరుగా, ఎస్సైగా, పక్కింటి బాబాయిగా నాలుగైదు సీన్ల పాత్రలు చేస్తున్నాను. పాత్ర లేని వారాల్లో వెనకాల నిలబడే వేషానికి పిలిచినా వెళ్తాను. విజయవాడ, గుంటూరు, తెనాలి నుంచి తమ్ముళ్లు, అక్కలు ఫోన్ చేసి ఒకే రకం ప్రశ్నలు అడుగుతుంటారు. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పేది ఇక్కడ ఒక వరసలో పెడుతున్నాను.

పెద్ద పాత్రకు ఆడిషన్‌లో నటన చూస్తారు. చిన్న వేషానికి చూసేది వేరు. ఫొటోలో ఉన్న మనిషే ఎదురుగా ఉన్నాడా? చెప్పిన పని రెండోసారీ మూడోసారీ అచ్చం అలాగే చేస్తాడా? రేపు పొద్దున ఏడింటికి లొకేషన్లో ఉంటాడా? ఈ మూడింటికీ అవునని నమ్మకం కలిగితే వేషం మీదే. షూటింగులు జరిగేది హైదరాబాదులో, అక్కడ ఉన్నవాడికి మూడోది తేలిక. మనకు మధ్యలో 275 కిలోమీటర్ల రోడ్డు ఉంది. అందుకే మన ఊళ్ల నుంచి ప్రయత్నించేవాళ్లు కొన్ని పనులు వేరేగా చేయాలి.

1. ఏ వేషం అడుగుతున్నారో ముందు మీకు తెలియాలి

సెట్లో చిన్న వేషాల వాళ్లు రెండు రకాలు. గుంపులో కనిపించేవాళ్లు జూనియర్ ఆర్టిస్టులు. ఆ గుంపు మొత్తాన్నీ కలిపి 'అట్మాస్ఫియర్' అంటారు. సినిమా వైపు వీళ్లకు యూనియన్, కార్డు, ఏజెంట్లు ఉంటారు. "రేపు పెళ్లికి ఇరవై మంది కావాలి, పది మంది ఆడవాళ్లు, పట్టుచీరలు" అని మేనేజరు చెప్తే ఏజెంటు కృష్ణానగర్, యూసుఫ్‌గూడ చుట్టుపక్కల నుంచి తెల్లవారుజామునే మనుషుల్ని బండి ఎక్కించి తీసుకొస్తాడు. ఈ పనికి బెజవాడ నుంచి వెళ్తే రానుపోను ఛార్జీలకే సరిపోతుంది. గిట్టుబాటు కాదు. సెట్ ఎలా ఉంటుందో చూడాలంటే ఒకటి రెండుసార్లు వెళ్లండి, చాలు.

రెండో రకం, ముఖం కనిపించి ఒకటో రెండో మాటలు ఉండే వేషాలు. కాంపౌండరు, బ్యాంకు గుమాస్తా, కానిస్టేబులు, పూజారి, పెళ్లిచూపులకు వచ్చిన మేనత్త. వీటికి ఏజెంటు కంటే డైరెక్టరు కింద పనిచేసే కో-డైరెక్టరో అసోసియేటో తన ఫోన్లో ఉన్న ఫొటోల్లోంచి మనిషిని ఏరుకుంటాడు. మనం గురి పెట్టాల్సింది ఇక్కడే. సీరియల్ సోమవారం నుంచి శనివారం దాకా రోజూ నడుస్తుంది. అరగంట స్లాటులో ప్రకటనలు పోగా ఇరవై నిమిషాల పైన కథ కావాలి. కథ ఈ వారం ఆసుపత్రిలో ఉంటే వచ్చే వారం కోర్టులో, ఆపై వారం సీమంతంలో ఉంటుంది. అంటే కొత్త ముఖాలు ఎప్పుడూ కావాలి. పైగా చాలాసార్లు ఆ అవసరం ముందు రోజు సాయంత్రమే తెలుస్తుంది.

మిమ్మల్ని చూస్తే జనానికి ఎవరు గుర్తొస్తారో నిజాయితీగా అడిగి తెలుసుకోండి. ఇంట్లో వాళ్లను కాదు, కొత్తగా పరిచయమైనవాళ్లను అడగండి. నన్ను అందరూ ప్లీడరా, మాస్టారా అని అడిగేవాళ్లు. ఆ రెండే నాకు ఎక్కువసార్లు అన్నం పెట్టాయి. నలభై దాటిన ఆడవాళ్లు "ఈ వయసులో మాకేం వేషాలు" అనుకుంటారు. అది తప్పు. వ్రతం, సీమంతం, నిశ్చితార్థం లేకుండా తెలుగు సీరియల్ నడవదు. ఆ సీన్లన్నిటికీ పెద్ద ముత్తైదువులు కావాలి.

2. ఫొటోలు: మీరు ఎలా ఉంటే అలాగే

స్టూడియోకు వెళ్లి వేలకు వేలు పోసి ఆల్బమ్ చేయించకండి. ఫోన్ చాలు. పొద్దున తొమ్మిది, పది మధ్య ఇంట్లో కిటికీకి ఎదురుగా నిలబడండి. వెనకాల సాదా గోడ ఉండాలి. క్యాలెండర్లు, దేవుడి పటాలు, తలుపుకు వేలాడే తువ్వాళ్లు కనిపించకూడదు. ఫోను మీ కళ్ల ఎత్తులో ఉండాలి. కింద నుంచి తీస్తే గడ్డం, పై నుంచి తీస్తే నుదురు పెద్దవిగా పడతాయి. నాలుగు ఫొటోలు తీయండి: ముఖం ఎదురుగా, ఎడమ పక్క, కుడి పక్క, తల నుంచి కాళ్ల దాకా నిలువుగా. ఆ తర్వాత మీకు నప్పే రెండు వేషాల్లో ఒక్కొక్కటి. మగవాళ్లయితే పంచెకట్టులో ఒకటి, టక్ చేసుకున్న ఫార్మల్ చొక్కాలో ఒకటి. ఆడవాళ్లయితే పట్టుచీరలో ఒకటి, ఇంట్లో కట్టుకునే నేత చీరలో ఒకటి.

బ్యూటీ ఫిల్టర్ వద్దు. జుట్టుకు రంగు వేసి ఫొటో దిగి, రంగు లేకుండా లొకేషన్‌కు వెళ్తే ఆ ఒక్కరోజుతో మీ నంబరు పోతుంది. బరువు పెరిగినా, తల క్షవరం చేయించుకున్నా, మీసం తీసినా కొత్త ఫొటోలు పంపాలి. మూడు నెలలకోసారి ఎలాగూ మార్చండి.

ఇంట్రో వీడియో నిమిషం దాటకూడదు. ఫోన్ అడ్డంగా పెట్టి, నడుము నుంచి పైకి కనిపించేలా తీయండి. పేరు, చూడటానికి ఎంత వయసులా ఉంటారు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు, ఇంతకుముందు చేసింది. తర్వాత ఎడమ వైపు, కుడి వైపు తిరిగి చూపించండి, రెండు చేతులు ముందుకు చాపి చూపించండి. ఫ్యాను కట్టేయండి. ఫ్యాను గాలి మైకులో హోరుమంటుంది, మనకు అలవాటైపోయి వినపడదు. వాట్సాప్‌లో పంపేటప్పుడు వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే క్వాలిటీ తగ్గదు.

బండి నడపడం వస్తే రాయండి. కారు, బుల్లెట్, సైకిలు, ఈత, కోలాటం, హరికథ, పద్యం, మృదంగం పట్టుకోవడం, మంత్రం తప్పు లేకుండా చదవడం, ఏది వచ్చినా రాయండి. పూజారి వేషానికి పిలిచేటప్పుడు నాలుగు ముక్కలు స్పష్టంగా మంత్రం చెప్పగలవాణ్ణే ముందు పిలుస్తారు. రానిది మాత్రం రాయకండి. కారు వచ్చని చెప్పి స్టీరింగు ముందు బిగుసుకుపోతే యూనిట్ మొత్తం ఆగిపోతుంది.

3. మెసేజ్ ఎలా ఉండాలి, ఎవరికి పంపాలి

కో-డైరెక్టరుకు రోజుకు పదుల సంఖ్యలో ఇలాంటి మెసేజ్‌లు వస్తాయి. "హాయ్ సార్", "ఛాన్స్ ఉందా సార్" అన్నవి తెరవడు కూడా. నేను పంపేది ఈ రూపంలో ఉంటుంది:

"నమస్కారం సార్. నా పేరు ఫలానా. గుంటూరు. చూడటానికి 45 నుంచి 50. ఎత్తు 5 అడుగుల 8. లాయరు, మాస్టారు, పోలీసు వేషాలకు సరిపోతాను. తెలుగు, హిందీ. కారు, బైకు నడుపుతాను. ఈ నెల 12 నుంచి 17 దాకా హైదరాబాదులోనే ఉంటాను. ఫొటోలు, వీడియో కింద పెట్టాను."

అందులో విలువైన ముక్క తేదీల వాక్యం. ఊరు చదవగానే వాళ్లకు వచ్చే మొదటి అనుమానం "వీడు రేపటికి వస్తాడా" అనే. ఆ అనుమానానికి జవాబు మెసేజ్‌లోనే ఉండాలి. నేను నెలలో ఐదారు రోజులు హైదరాబాదులో ఉండేలా పెట్టుకుని, ఆ తేదీలు వారం ముందే అందరికీ పంపుతాను. ఒక్కరోజు పనికి రెండు రాత్రులు బస్సులో గడపడం కంటే, ఒకే ప్రయాణంలో మూడు నాలుగు పనులు చూసుకోవడం ఒంటికీ జేబుకూ మంచిది.

నంబర్లు ఎక్కడ దొరుకుతాయి? సీరియల్ టైటిల్స్‌లో నిర్మాణ సంస్థ పేరు, కో-డైరెక్టరు పేరు, ప్రొడక్షన్ మేనేజరు పేరు వేస్తారు. ఫోన్లో ఆపి రాసుకోండి. ఈటీవీ, జెమినీ, స్టార్ మా, జీ తెలుగు, ఏ ఛానెల్ సీరియలైనా తీసేది విడిగా ఒక నిర్మాణ సంస్థే కావచ్చు. కాబట్టి ఛానెల్ ఆఫీసు గేటు దగ్గర నిలబడితే ఉపయోగం తక్కువ. ఆఫీసు అడ్రసు కనుక్కుని ఒకసారి మనిషిగా వెళ్లి కనపడి రండి. ఇంతకంటే గట్టి దారి ఇంకోటుంది. మన నాటకాల వాళ్లలో ఎవరో ఒకరు ఇప్పటికే టీవీలో చేస్తుంటారు. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో, గుంటూరు వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలో నాటకాలు పడే రోజుల్లో మేకప్ గది దగ్గర అరగంట నిలబడండి. నా మొదటి నంబరు నాకు అక్కడే దొరికింది. ఇచ్చినాయన నాతో నాటకం ఆడినవాడు కాబట్టి, "టైముకు వస్తాడు" అని నా తరఫున ఒక మాట కూడా చెప్పాడు.

మెసేజ్ పెట్టాక రోజూ గుర్తు చేయకండి. పదిహేను రోజులకోసారి, అదీ కొత్త తేదీలతో.

4. డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి

ఇది కోపంతోనే రాస్తున్నాను, ఎందుకంటే నేనూ పోగొట్టుకున్నాను. బెజవాడలో ఒక లాడ్జిలో ఆడిషన్ అన్నారు. హాల్లో అరవై డెబ్బై మంది ఉన్నారు, పల్లెల నుంచి తల్లిదండ్రులతో వచ్చిన పిల్లలు కూడా. అందరినీ సెలెక్ట్ చేశారు. "ఆర్టిస్ట్ కార్డు" కోసం డబ్బు కట్టమన్నారు. కట్టాను. ఆ కార్డు ఏ సెట్లోనూ ఎవరూ చూడలేదు, ఆ ఫోన్ మళ్లీ మోగలేదు.

పని ఇచ్చేవాడు మీకు డబ్బు ఇస్తాడు, మీ దగ్గర తీసుకోడు. రిజిస్ట్రేషన్ ఫీజు, కాస్ట్యూమ్ అడ్వాన్సు, ఇన్సూరెన్సు, వర్క్‌షాపు, ఏ పేరుతో అడిగినా ఒకటే. ఏజెంటుకు కమీషన్ ఉంటుంది, అది వచ్చిన డబ్బులోంచి పోతుంది, ముందుగా జేబులోంచి కాదు. ఆడిషన్‌కు వచ్చిన అందరినీ సెలెక్ట్ చేసినా అనుమానించండి. ఏ సీరియలని అడగండి, ఆ నిర్మాణ సంస్థ నంబరు మీరే వేరేగా వెతికి ఫోన్ చేయండి. వాళ్లిచ్చిన నంబరుకు చేస్తే వాళ్ల మనిషే ఎత్తుతాడు.

ఆడిషన్ పగటిపూట, ఆఫీసులో జరగాలి. హోటల్ గదికి రమ్మంటే వెళ్లకండి. అమ్మాయిలు మొదటిసారి ఇంట్లోంచి ఒకరిని వెంట తీసుకెళ్లాలి. అది చిన్నతనం కాదు, నిజమైన ఆఫీసులో ఎవరూ తప్పు పట్టరు. వీడియో కాల్‌లో బట్టల గురించి, ఒంటి గురించి అడిగితే కాల్ కట్ చేసి స్క్రీన్‌షాట్ దాచండి. పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పని చేసే చోట వేధింపుల ఫిర్యాదులకు కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది. ఏజెంటు ద్వారా రోజు పనికి వచ్చినవాళ్లకూ అది వర్తిస్తుంది. ఆపదలో 112, మహిళలకు 181. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఆధార్ కాపీ ఇవ్వాల్సివస్తే దాని మీద ఏ పనికి, ఏ తేదీన ఇస్తున్నారో అడ్డంగా రాసి ఇవ్వండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

పిల్లలను తీసుకొచ్చే తల్లిదండ్రులకు ఒక మాట. 14 ఏళ్లలోపు పిల్లలు రోజుకు 5 గంటలకు మించి, విరామం లేకుండా 3 గంటలకు మించి షూటింగ్‌లో ఉండకూడదు. నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరనే జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఇవి బాల కార్మిక చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనలు. "అలాంటివి ఏమీ ఉండవమ్మా" అని ఎవరన్నా అంటే ఉన్నాయని చెప్పండి.

5. ఆడిషన్: ఒక్క మాటను ఎలా చెప్పాలి

నన్ను మొదటిసారి ఆడిషన్‌కు పిలిచినప్పుడు ఇచ్చిన మాట ఇదే: "పేషెంట్ తాలూకు ఎవరండీ?" మూడు మాటలే. నేను పరిషత్తులో చివరి వరస దాకా వినిపించాలని నేర్చుకున్నవాణ్ణి. గుండె నిండా గాలి పీల్చి, ప్రతి అక్షరాన్నీ విప్పి చెప్పాను. కెమెరా నాకు ఆరడుగుల దూరంలో ఉంది. కో-డైరెక్టరు ఏమీ అనలేదు. కుర్చీ జరుపుకుని నా పక్కకు వచ్చి కూర్చుని, "అన్నా, మీరు రోజూ ఎంతమందిని ఇలా పిలుస్తారు?" అని అడిగాడు. "ఓ యాభై మందిని" అన్నాను. "ఇది యాభై ఒకటోది" అన్నాడు.

ఆ ఒక్క మాటలో చిన్న వేషం మొత్తం ఉంది. ఆ కాంపౌండరుకు లోపల పడుకున్న హీరోయిన్ ఎవరో తెలియదు. అతనికి అది ఒక మామూలు మంగళవారం. చేతిలో కాగితం ఉంది, దాని మీదే చూపు ఉంది. పిలిచాక తల ఎత్తుతాడు, వచ్చినవాళ్లకు కాగితం ఇస్తాడు, వెనక్కి తిరుగుతాడు. కంగారు, జాలి, సస్పెన్సు ఇవన్నీ పెద్ద పాత్రల పని. మీరు వాటిని మీ ముఖం మీదకు తెచ్చుకుంటే చూసేవాళ్ల దృష్టి చెదిరిపోతుంది. డైరెక్టరుకు అదే ఇబ్బంది.

అందుకని ఇంట్లో ఇలా సాధన చేయండి. ఒక మాట తీసుకుని, అది చెప్పేటప్పుడు చేతులతో ఒక నిజమైన పని పెట్టుకోండి. కవర్లు సర్దడం, గ్లాసులు కడగడం, బిల్లు రాయడం. పని ఆగకుండా మాట రావాలి. బెంజ్ సర్కిల్ దగ్గర ఏదైనా ఆసుపత్రి ఓపీలో గంటసేపు కూర్చుని, పేర్లు పిలిచే అమ్మాయిని గమనించండి. ఒక్కో పేరు పిలిచి ఎంతసేపు ఆగుతుంది, రెండోసారి గొంతు ఎలా మారుతుంది, కళ్లు ఎటు చూస్తాయి. వన్‌టౌన్ కాళేశ్వరరావు మార్కెట్, గుంటూరు మిర్చి యార్డు, పటమట రైతుబజారు, ఎక్కడైనా ఇదే పని. మనుషులు పని చేసుకుంటూ ఎలా మాట్లాడతారో అక్కడ కనిపించినంత వివరంగా ఏ క్లాసులోనూ చెప్పరు.

గొంతు గురించి మన వాళ్లకు ఒక లాభం ఉంది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది. నండూరి సుబ్బారావు గారిలాంటి వాళ్ల రేడియో నాటకాలు విని పెరిగిన ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. మైకు ముందు అరవకుండా ప్రాణం పెట్టడమంటే ఏమిటో ఆ నాటకాలు వింటే తెలుస్తుంది. ఆకాశవాణి నాటక విభాగానికి ఆడిషన్లు ఉంటాయి. వీలైతే ఇవ్వండి. సీరియల్ మాటలు చాలావరకు తర్వాత డబ్బింగ్‌లో చెప్పించేవే కాబట్టి, మైకు అలవాటు ఉంటే మీ వేషానికి మీ గొంతే ఉంచే అవకాశం పెరుగుతుంది.

ఆఫీసుకు వెళ్లినప్పుడు కాగితం ఇచ్చిన వెంటనే అడగాల్సినవి రెండే ప్రశ్నలు: "నేను ఎవరితో మాట్లాడుతున్నాను సార్?", "చూపు ఎటు పెట్టమంటారు?" కెమెరా లెన్సులోకి చూడకండి. ముందు పేరు, ఎత్తు, పక్క ముఖాలు అడుగుతారు. తర్వాత మాట. అయ్యాక ఏదో ఒకటి మార్చి చెప్పమంటారు, "కొంచెం చిరాగ్గా" అనో "నవ్వుతూ" అనో. మొదటిది నచ్చలేదని కాదు, చెప్తే మారతారో లేదో చూడటానికి. అక్కడ వాదించకండి, "నేను ఇలా అనుకున్నాను సార్" అని వివరణ ఇవ్వకండి. మార్చి చేయండి. అయ్యాక నమస్కారం పెట్టి వచ్చేయండి. "ఎలా చేశాను సార్?" అని అడగొద్దు.

ఇంటి నుంచి వీడియో పంపమంటే ఎదుటి పాత్ర మాటలు చదివేవాళ్లు ఫోనుకు సరిగ్గా పక్కనే నిలబడాలి, వాళ్ల గొంతు మీ గొంతు కంటే తగ్గి వినపడాలి. రెండు టేకులు పంపండి, రెండూ తేడాగా ఉండాలి. అడిగిన గంటలోపు పంపిన మామూలు వీడియోకు ఉన్న విలువ, రేపు పంపే గొప్ప వీడియోకు ఉండదు.

6. ఒప్పుకునే ముందు ఫోన్లో తేల్చుకోవాల్సినవి

మొహమాటపడకండి. డబ్బు ఎంత, అందులో ఏజెంటు కమీషన్ పోయిందా ఇంకా పోవాలా, బేటా (రోజు ఖర్చులకు ఇచ్చే డబ్బు) విడిగా ఉందా, చేతికి ఎప్పుడు వస్తుంది, కాల్‌షీట్ ఎన్నింటి నుంచి ఎన్నింటికి, బట్టలు ఎవరివి, ఒక్కరోజేనా, కంటిన్యుటీ ఉందా. ఆఖరిది తప్పకుండా అడగాలి. కంటిన్యుటీ ఉందంటే అదే సీనులో మిగిలింది ఇంకో రోజు తీస్తారని అర్థం. మీరు గుంటూరు తిరిగొచ్చేస్తే మళ్లీ వెళ్లాలి. మాట్లాడాక ఆ వివరాలే వాట్సాప్‌లో "సార్, మనం అనుకున్నవి ఇవి" అని రాసి పంపండి. వాళ్లు "ఓకే" అంటే చాలు, తర్వాత గొడవ ఉండదు.

రాలేకపోతే వెంటనే చెప్పండి. వస్తానని చెప్పి రాకపోవడం ఈ పనిలో క్షమించరు. ఆ కో-డైరెక్టరు మాట పోతుంది, ఇంకో పది మందికి చెప్తాడు.

7. ప్రయాణం, సంచి

పొద్దున బయల్దేరే శాతవాహన లాంటి రైళ్లు ఆడిషన్‌కు పనికొస్తాయి కానీ షూటింగ్‌కు కాదు, అవి చేరేసరికి సగం రోజు అయిపోతుంది. షూటింగ్ ఉంటే ముందు రాత్రి పది, పదకొండుకు బస్సు ఎక్కండి. తెల్లవారేసరికి ఎల్బీ నగర్‌లో ఉంటారు. మెట్రో మొదలయ్యాక అమీర్‌పేట వెళ్తే సారథి స్టూడియోస్, యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ అన్నీ దగ్గర. అన్నపూర్ణ స్టూడియోస్ బంజారాహిల్స్‌లో ఉంది. మణికొండ, నానక్‌రామ్‌గూడ వైపు షూటింగ్‌కు అద్దెకిచ్చే పెద్ద ఇళ్లుంటాయి. వాటికి లొకేషన్ పిన్ తప్పనిసరిగా అడగండి, ఇంటి పేరు చెప్తే ఆటోవాళ్లకు తెలియదు. రామోజీ ఫిల్మ్ సిటీ అయితే మన బస్సు దాని ముందు నుంచే వెళ్తుంది. ఎల్బీ నగర్ దాకా వెళ్లి వెనక్కి రాకుండా, అక్కడ దింపుతారా అని డ్రైవరును ఎక్కేటప్పుడే అడగండి.

సంచిలో మూడు నాలుగు జతలు ఉండాలి, చిన్న వేషాలకు బట్టలు చాలాసార్లు మనవే. తెల్ల చొక్కా, పంచె, కండువా. లేత రంగు ఫార్మల్ చొక్కా, ముదురు ప్యాంటు. మామూలు గళ్ల చొక్కా. సన్నని చారల బట్ట వద్దు, కెమెరాలో అలలు అలలుగా కదులుతుంది. కంపెనీ పేర్లు, బొమ్మలు ఉన్నవి వద్దు. ఆడవాళ్లకు రెండు పట్టుచీరలు, ఒక నేత చీర, ఒక చుడీదార్, గిల్టు నగలు, బొట్టు బిళ్లలు, జడకు సవరం. అసలు బంగారం తీసుకెళ్లకండి. పిన్నీసులు, సూది దారం, దువ్వెన, పౌడరు, నల్ల చెప్పులు, నీళ్ల సీసా, బిస్కెట్లు, ఫోన్ ఛార్జరు. బస్సులో నలగకుండా ఇస్త్రీ బట్టలను చుట్టలా చుట్టి పెట్టండి.

8. సెట్లో

చేరగానే అసిస్టెంట్ డైరెక్టరుకు కనపడి "వచ్చాను సార్" అని చెప్పండి. తర్వాత గంటలకు గంటలు కూర్చోవడమే పని కావచ్చు. ఫోన్ సైలెంట్‌లో ఉండాలి. సెట్లో ఫొటోలు తీయకూడదు. పెళ్లికూతురి వేషంలో హీరోయిన్ ఫొటో బయటికి వెళ్తే రాబోయే కథ బయటపడిపోతుంది.

రిహార్సల్‌ను 'మానిటర్' అంటారు. మీకు 'పాసింగ్' ఇమ్మంటే కెమెరా ముందు నుంచో హీరో వెనక నుంచో నడిచి వెళ్లమని. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ మాట దగ్గర బయల్దేరాలి, ఈ రెండూ అడిగి గట్టి చేసుకోండి. నేను అడుగులు లెక్కపెడతాను: తలుపు నుంచి స్తంభం దాకా ఏడు, అక్కడ ఆగి వాచీ చూడటం, మళ్లీ ఐదు. ప్రతి టేకులో ఏడూ ఐదే. వెనకాల నిలబడి పక్కవాళ్లతో మాట్లాడుతున్నట్టు చేయాలంటే పెదాలు కదలాలి, గొంతు రాకూడదు. గొంతు వస్తే పక్కనుంచి డైలాగులు అందించే (ప్రాంప్టింగ్) అసిస్టెంటు మాటలు హీరోయిన్‌కు వినపడవు. నిజంగా ఏదో ఒక విషయం గురించే మాట్లాడుకోండి, ఊరికే తల ఊపితే ఇట్టే తెలిసిపోతుంది.

కంటిన్యుటీకి ఇంకో అర్థం, ఒక షాట్‌లో ఉన్నట్టే తర్వాతి షాట్‌లోనూ ఉండటం. ఆ విషయంలో నేను చేసిన తప్పు చెప్తాను. ఒక నిశ్చితార్థం సీను. సీను మొత్తం కనిపించేలా తీసే మాస్టర్ షాట్‌లో నేను ఎడమ చేత్తో తాంబూలం పళ్లెం పట్టుకుని, పెద్దాయన "లగ్నపత్రిక చదవండి" అనగానే లేచి నిలబడ్డాను. భోజనాల తర్వాత హీరో తండ్రి వెనక నుంచి ఎదుటివాళ్లను చూపే సజెషన్ షాట్ పెట్టారు. అందులో నా భుజం, పళ్లెం మాత్రమే పడతాయి. నేను పళ్లెం కుడి చేత్తో పట్టుకున్నాను, లేవడం ఒక మాట ఆలస్యమైంది. రెండు టేకులు అయ్యాక అసోసియేట్ పాత షాట్ చూసి పట్టుకున్నాడు. అప్పటికే పెద్దాయన కన్నీళ్లు పెట్టుకున్న మంచి టేకు ఒకటి పోయింది. ఆయన మళ్లీ అదే కన్నీళ్లు తెచ్చుకోవడానికి గోడ వైపు తిరిగి నిలబడటం చూశాను. నన్ను ఎవరూ తిట్టలేదు. అదే ఎక్కువ బాధ. ఆ రోజు నుంచి ప్రతి షాట్ అయిన వెంటనే జేబులో ఉన్న చిన్న కాగితం మీద రాసుకుంటాను: ఏ చెయ్యి, ఏ మాట, కండువా ఏ భుజం, ఎన్ని గుండీలు. రెండో రోజు కూడా షూటింగ్ ఉంటే గడ్డం, జుట్టు, గోళ్ల రంగు, చేతి దారం, ఏదీ మార్చకండి.

పెద్ద నటుల దగ్గరికి వెళ్లి సెల్ఫీ అడగకండి. డైరెక్టరు దగ్గరికి వెళ్లి "ఇంకో మాట ఇవ్వండి సార్" అనకండి. ఇవ్వాలనుకుంటే వాళ్లే ఇస్తారు. ఒకసారి నేను మాట లేని బ్యాంకు గుమాస్తాగా కూర్చున్నప్పుడు, చెప్పకుండానే వోచర్లు లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేస్తూ ఉన్నాను. రెండో టేకులో డైరెక్టరు "ఆ గుమాస్తాతో 'సంతకం కలవట్లేదమ్మా' అనిపించండి" అన్నాడు. ఆ మాట కథకు అవసరమైంది, నేను అప్పటికే ఆ బల్ల వెనక పని చేస్తూ కనిపించాను.

9. ప్యాకప్ తర్వాత

మేనేజరును కలిసి వోచరు మీద సంతకం చేసేటప్పుడు అంకె చూసి చేయండి. ఖాళీ వోచరు మీద సంతకం వద్దు. గుంపు పనికి ఆ రోజే ఇవ్వొచ్చు, మాట ఉన్న వేషాలకు బ్యాంకులో పడటానికి వారాలు పట్టొచ్చు. బ్యాంకులో వేసేటప్పుడు ప్రొఫెషనల్ ఫీజు కింద 10 శాతం టీడీఎస్ (ఇచ్చేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తే పాన్ నంబరు సరిగ్గా ఉందో చూసుకోండి. మీ ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్న్ వేసి అది వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, సీరియల్, లొకేషన్, వేషం, వేసుకున్న బట్టలు, కో-డైరెక్టరు, మేనేజరు పేర్లు, ఒప్పుకున్నది, వచ్చింది, బస్సు ఖర్చు. ఆరు నెలలు రాస్తే ఎవరు సమయానికి ఇస్తారో, ఎవరి దగ్గరికి మళ్లీ వెళ్లకూడదో మీకే కనిపిస్తుంది. ఇల్లు ఖాళీ చేసి హైదరాబాదు వెళ్లిపోవాలా అని అడిగేవాళ్లకు నేను ఈ పుస్తకం చూసే జవాబు చెప్తాను. వరసగా మూడు నెలలు, నెలకు పది రోజులు పని దొరికితే ఆలోచించండి. అంతదాకా ఇక్కడి ఉద్యోగం, ఇక్కడి నాటకం, బెజవాడ షాపుల ప్రకటనలు, షార్ట్ ఫిల్ములు చేసుకుంటూ వెళ్లి రండి.

తిరుగు బస్సు ఎక్కాక నిద్రపోయే ముందు కో-డైరెక్టరుకు ఒక మెసేజ్ పెట్టండి: "ఈ రోజు పని ఇచ్చినందుకు థ్యాంక్స్ సార్. మళ్లీ 24 నుంచి 28 దాకా హైదరాబాదులో ఉంటాను. కంటిన్యుటీ ఉంటే ఈ గెటప్ మార్చను." కింద ఆ రోజు వేషంలో దిగిన మీ ఒంటరి ఫొటో ఒకటి పెట్టండి, వెనకాల సెట్ కనపడకుండా.